గ్రహణం రాత్రి పోటెత్తిన పాఠకులు వారానికే మాయం: బ్లాగుకు నిలకడగా చదువరులు ఎలా పెరుగుతారు?

నక్షత్రవీధి
రాత్రి ఆకాశం గురించి కొన్నేళ్లుగా బ్లాగు రాస్తున్నాను. చిన్న టెలిస్కోపుతో ఏమేమి చూడవచ్చు, ఏ నెలలో ఏ గ్రహం ఎటు కనబడుతుంది, ఉల్కలు రాలే రాత్రుల్లో ఎప్పుడు మేలుకోవాలి, ఇవీ నా విషయాలు. రోజూ వచ్చేవాళ్లు కొద్దిమందే. 2025 సెప్టెంబర్ 7 నాటి సంపూర్ణ చంద్రగ్రహణానికి ముందు ఒక టపా (బ్లాగు పోస్టు) రాశాను. గ్రహణం ఎప్పుడు మొదలవుతుంది, చంద్రుడు ఎందుకు ఎర్రబడతాడు, ఫోనుతో ఫొటో ఎలా తీయాలి, అంతే. ఆ రాత్రి నా బ్లాగుకు నెలల తరబడి వచ్చేంత మంది ఒక్కసారిగా వచ్చారు. వారం తిరగకుండా మళ్లీ పాత సంఖ్యే.

సంఖ్య తగ్గినందుకు కాదు నా బాధ. అదే ఏడాది మార్చిలో శని వలయాలు మన చూపుకు అంచుగా తిరిగి దాదాపు కనబడకుండా పోయాయి. సుమారు పదిహేనేళ్లకు ఒకసారి వచ్చే సందర్భం అది. దాని మీద ఎంతో ఇష్టంగా రాసిన టపా గ్రహణం టపా పక్కనే ఉంది. అంతమంది వచ్చారు, దాన్ని తెరిచినవాళ్లు దాదాపు లేరు.

ఏళ్లు గడిచేకొద్దీ పాఠకులు పెరిగే బ్లాగులు కూడా ఉన్నాయి. వాళ్లు ఏమి చేస్తున్నారు? రోజూ రాయాలా? ప్రతి టపానూ ఫేస్‌బుక్‌లో పంచుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గణాంకం
ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ రాత్రి వచ్చినవాళ్లు ఏ దారిన వచ్చారు? గణాంకాల పేజీలో సెర్చ్ నుంచి వచ్చినవాళ్లు, ఇతర సైట్ల లంకెల (లింకుల) నుంచి వచ్చినవాళ్లు, సామాజిక మాధ్యమాల నుంచి వచ్చినవాళ్లు, నేరుగా వచ్చినవాళ్లు విడివిడిగా కనబడతారు. "నేరుగా" అన్న గడిలో ఉన్నవాళ్లంతా మీ చిరునామా గుర్తుపెట్టుకుని వచ్చారనుకోకండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లంకె నొక్కి వచ్చినవాళ్లు కూడా తరచుగా అందులోనే పడతారు. గ్రహణం రాత్రి మీకు వచ్చింది ఎక్కువగా ఆ వర్గమేనని నా అనుమానం.

ఇంకొకటి, రోజువారీ గ్రాఫు గీత చూడటం మానేయండి. నెల లెక్క తీసుకుని, అందులోంచి గ్రహణం వారాన్ని తీసేసి, మిగిలినదాన్ని కిందటి ఏడాది అదే నెలతో పోల్చండి. అది పెరిగిందా? మీ ప్రశ్నకు జవాబు అక్కడినుంచి మొదలవుతుంది.

వేగుచుక్క
రోజూ రాయండి. నేను చూసినంతలో ఆగకుండా రాసినవాళ్లే నిలబడ్డారు. నెలకొకసారి రాసే బ్లాగును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పాఠకుడికి అలవాటు కావాలంటే ముందు మనకు అలవాటు ఉండాలి.

తేనెటీగ
నాదీ అదే ప్రశ్న, వేరే విషయం మీద. ఇక్కడే కూర్చుని వింటాను.

నిదానం
వేగుచుక్క గారితో నేను ఏకీభవించను. రోజుకొక టపా అన్న సూత్రం ఒక కాలంలో బాగా పనిచేసింది. ఎందుకు పనిచేసిందో చూస్తే ఇప్పుడు ఎందుకు సరిపోదో కూడా తెలుస్తుంది.

1999లో బ్లాగర్, 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చాయి. సాంకేతిక పరిజ్ఞానం లేనివాళ్లు కూడా సొంత బ్లాగు పెట్టుకోగలిగారు. అప్పట్లో పాఠకుడు వచ్చే దారులు ముఖ్యంగా ఇవి: తోటి బ్లాగర్లు పక్కపట్టీలో పెట్టే తమకు నచ్చిన బ్లాగుల జాబితా, కొత్త టపాలను ఒకచోట చూపే సంకలినులు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు. ఫీడు అంటే మనకు నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవాటిని ఒకచోట తెచ్చి చూపేది. 2005లో ఫీడ్లు చదివే గూగుల్ రీడర్ వచ్చాక అది చదవడం చాలామందికి దినచర్య అయింది. ఈ చోట్లన్నిటిలోనూ కొత్తగా రాసినదే పైన ఉంటుంది. రోజూ రాస్తే రోజూ కనబడతారు. లెక్క అంత సూటిగా ఉండేది.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. వేరే రీడర్లు ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ చాలామంది మారే శ్రమ తీసుకోలేదు. ఫేస్‌బుక్, ట్విట్టర్లలో ఏది ఎదురుపడితే అది చదవడానికి అలవాటుపడ్డారు. అక్కడ మీ టపా ఎవరికి చూపించాలో మీరూ నిర్ణయించలేరు, మీ పాఠకుడూ నిర్ణయించలేడు.

సెర్చ్ కథ వేరు. 1998లో గూగుల్ మొదలైనప్పుడు దాని బలం పేజ్‌ర్యాంక్. ఒక పేజీకి ఎవరెవరు లంకె ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్లకు ఎంత గుర్తింపు ఉంది అన్నది చూసి ఆ పేజీ విలువ కట్టేది. బ్లాగర్లు ఒకరికొకరు ధారాళంగా లంకెలు ఇచ్చుకునేవారు కాబట్టి చిన్న బ్లాగులు కూడా ఫలితాల్లో పైకి వచ్చేవి. ఆ తర్వాత పస లేని పేజీలను కుప్పలుగా పోసి సెర్చ్ నుంచి మనుషులను రప్పించుకునే సైట్లు పెరిగిపోయాయి. 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పుతో గూగుల్ వాటిని కిందికి నెట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చి కృత్రిమంగా కూడబెట్టిన లంకెల పని పట్టింది. అప్పటినుంచీ, లెక్క పెంచడానికి రాసిన పొడి టపాలు పోగుపడితే అదే సైటులోని మంచి టపాలకు కూడా నష్టం జరగవచ్చు.

అందుకే నా సలహా: రోజుకొకటి వద్దు. ఆ విషయంలో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు అనిపించేదాకా ఒకటి రాయండి.

వేగుచుక్క
"పొడి టపాలు" రాయమని నేను అనలేదు, నిదానం గారూ. తరచుగా మారే సైటుకు గూగుల్ తరచుగా వస్తుంది. ఇది నిజమా కాదా?

గణాంకం
నిజమే. కానీ గూగుల్ బాటు (పేజీలను చదివిపోయే ప్రోగ్రాము) తరచుగా వచ్చి చూసుకుపోవడం వేరు, ఫలితాల్లో పైన చూపించడం వేరు. మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరగదు.

సూదీదారం
నేను కుట్టుపని మీద రాస్తాను. మొదట్లో నా టపాలన్నిటికీ సమానంగా కొద్దిమంది వచ్చేవారు. ఇప్పుడు వచ్చేవాళ్లలో పెద్ద భాగం ఒకే ఒక్క టపాకు వస్తారు. అది చాలా పాతది. మిషను మీద కుడుతున్నప్పుడు గుడ్డ కింద దారం గుంపుకట్టి చిక్కుపడితే ఏమి చేయాలి అన్నది విషయం.

ఆ టపా నుంచి నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. కింద చిక్కుపడుతోంది కాబట్టి తప్పు కింది దారం చుట్టిన బాబిన్‌లో ఉందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు తప్పు పైన ఉంటుంది. పై దారం టెన్షన్ పళ్లాల (దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల) మధ్య సరిగ్గా కూర్చోదు. సూదికి దారం ఎక్కించేటప్పుడు ప్రెసర్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) దించి ఉంటే ఆ పళ్లాలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు వెళ్లదు. పాదం పైకెత్తి దారం మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే చాలా వరకు సరిపోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు టపాకు "పై దారం టెన్షన్ సరిచేయడం" అని పేరు పెడతారు. కానీ ఆ పేరుతో వెతికేవాళ్లకు జవాబు ముందే తెలుసు! తెలియనివాళ్లు వెతికేది కంటికి కనబడుతున్న ఇబ్బందిని. "గుడ్డ కింద దారం చిక్కుపడుతోంది" అని. నేను శీర్షికలో ఆ మాటలే వాడాను.

నక్షత్రవీధి గారూ, మీ దగ్గర కూడా అలాంటి ఇబ్బందులు చెప్పుకునేవాళ్లు ఉంటారు కదా. టెలిస్కోపు కొని మొదటి రాత్రి ఏమీ కనబడక దిగులుపడేవాళ్లు?

నక్షత్రవీధి
సూదీదారం గారూ, చాలామంది ఉంటారు! అలాంటి టపా ఒకటి ఉంది కూడా. "ఫైండరును సరిచేసుకునే విధానం" అని పేరు పెట్టాను. మీరు చెప్పిన తర్వాత చూస్తే ఆ పేరు ఫైండరు అంటే టెలిస్కోపు మీద గురిచూసే చిన్న దుర్భిణి అని ముందే తెలిసినవాళ్లకే.

సూదీదారం
అదే. శీర్షిక మార్చండి, చిరునామా మాత్రం కదపకండి. ఆ టపా చివర "ఇప్పుడు కనబడుతోందా? అయితే మొదట చూడవలసినవి ఇవి" అని మీ మిగతా టపాలకు దారి చూపండి. పక్కపట్టీలో ఉన్నవాటిని ఎవరూ చూడరు. ఫోనులో అయితే పక్కపట్టీ పేజీ అడుక్కు పోతుంది. మీ శని వలయాల టపాను ఎవరూ తెరవకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. చదువుతున్న వాక్యం మధ్యలోనే లంకె ఉంటే నొక్కుతారు.

చదువరి_మాత్రమే
నేను బ్లాగు రాయను, చదువుతాను. పాఠకుల గురించి ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి పాఠకుడి వైపు నుంచి ఒక మాట. సెర్చ్ నుంచి ఒక టపాకు వెళ్లి, నాకు కావలసినది దొరికితే చాలాసార్లు మూసేసి వెళ్లిపోతాను. ఆ బ్లాగు పేరు కూడా చూడను. మళ్లీ వెళ్లేది ఎప్పుడంటే, ఈ మనిషి తన చేత్తో చేసి చూసి రాస్తున్నాడు అనిపించినప్పుడు. రాసినవారి పరిచయం పేజీకి వెళ్తాను. వాళ్లు ఎవరో, ఎందుకు రాస్తున్నారో రెండు ముక్కలు ఉంటే మిగతావి చదువుతాను. పరిచయం పేజీ ఖాళీగా ఉన్న బ్లాగులు ఎన్నో!

ఇంకొకటి, మొదటి పేరా చదవకముందే తెర నిండా "మా జాబితాలో చేరండి" అని ఒక పెట్టె వచ్చి పడితే నేను వెనక్కి వెళ్లిపోతాను. ఇంకా మీరెవరో నాకు తెలియదు, ఎందులో చేరాలి?

తేనెటీగ
చదువరి_మాత్రమే గారి మాటను అచ్చువేసి గోడకు అంటించుకోవాలి.

లంకెలబాట
ఇంతవరకు ఎవరూ తోటి రచయితల ఊసు ఎత్తలేదు. నిదానం గారు పాత కాలంలో బ్లాగర్లు లంకెలు ఇచ్చుకునేవారని రాశారు. ఆ దారి మూసుకుపోయిందని ఎవరు చెప్పారు? మనం నడవడం మానేశాం, అంతే.

నేను పక్షుల మీద రాస్తాను. నాకు నిలకడగా చదివేవాళ్లలో చాలామంది అదే విషయం మీద రాసే మరి కొందరి బ్లాగుల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను లంకె ఇమ్మని నేను అడగలేదు. వాళ్లు రాసినది చదివి, దానికి ఒక విషయం జోడించి నా బ్లాగులో రాసి, వాళ్ల టపాకు లంకె ఇచ్చాను. కొందరు చూశారు, బదులు రాశారు. అలా వచ్చిన పాఠకుడికి ఈ విషయం మీద ముందే ఆసక్తి ఉంటుంది. అతను రెండో టపా చదువుతాడు, మూడోదీ చదువుతాడు, తప్పుంటే చెబుతాడు.

అయితే అందరి వ్యాఖ్యల పెట్టెల్లోనూ "మంచి టపా, నా బ్లాగు చూడండి" అని రాయడం ఇందులోకి రాదు. అది గుమ్మంలో కరపత్రం పడేసి పోవడం లాంటిది. దానివల్ల సెర్చ్‌లో కూడా ఏమీ ఒరగదు. వ్యాఖ్యల్లో చెత్త లంకెలు పెరిగిపోయాయని 2005 జనవరిలోనే గూగుల్, యాహూ, ఎమ్‌ఎస్‌ఎన్ కలిసి నోఫాలో అనే గుర్తు తెచ్చాయి. చాలా బ్లాగు వేదికల్లో వ్యాఖ్యల్లోని లంకెలకు ఆ గుర్తు దానంతట అదే పడుతుంది. ర్యాంకు లెక్కలోకి ఆ లంకె సాధారణంగా రాదు.

ప్రశ్నార్థకం
మీరంతా చెబుతున్నది బాగానే ఉంది. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఇప్పుడు సెర్చ్‌లో ప్రశ్న అడిగితే జవాబు అక్కడే పైన కనబడుతోంది. 2014లో పేజీలోంచి ఒక ముక్క తీసి పెట్టెలో చూపించడం మొదలైంది. 2024 మేలో గూగుల్ అమెరికాలో ఏఐ ఓవర్‌వ్యూలు మొదలుపెట్టి, తర్వాత చాలా దేశాలకు తీసుకువెళ్లింది. పది పేజీలు చదివి సారాంశం అదే రాసి ఇస్తుంది. నా బ్లాగు ఫలితాల్లో మునుపటిలాగే కనబడుతోంది, నొక్కేవాళ్లు మాత్రం తగ్గారు. మన రాత మీద ఆధారపడి వాళ్లు జవాబు చెబుతారు, మన గుమ్మం దాకా ఎవరూ రారు. అలాంటప్పుడు ఏళ్ల తరబడి కూర్చుని రాసి ఏమి ప్రయోజనం?

గణాంకం
మీరు చూసినది అపోహ కాదు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన లెక్క) నిలకడగా ఉండి క్లిక్కులు తగ్గడం చాలామంది చూస్తున్నదే. అయితే ఏ ప్రశ్నలకు తగ్గాయో విడదీసి చూడండి. అక్కడ ఒక్కో ప్రశ్నకు ఎన్నిసార్లు కనబడ్డారు, ఎన్నిసార్లు నొక్కారు, సగటు స్థానం ఎంత అని ఉంటుంది. 16 నెలల సమాచారం దొరుకుతుంది కాబట్టి కిందటి ఏడాదితో పోల్చవచ్చు. నా సైటులో ఒక్క వాక్యంతో జవాబు తేలిపోయే ప్రశ్నలకే ఎక్కువగా పడిపోయింది.

నిదానం
ప్రశ్నార్థకం గారి బాధ న్యాయమైనది. దాన్ని తేలికగా తీసుకోకూడదు. ఒక మనిషి రాత్రుళ్లు కూర్చుని చేసిన పనిలోంచి జవాబు తీసుకుని, ఆ మనిషి దగ్గరికి పాఠకుడిని పంపకపోవడం అన్యాయమే.

అయినా రాసేవాడి చేతిలో ఉన్నది చూద్దాం. "గ్రహణం ఎన్ని గంటలకు" అన్న ప్రశ్నతో వచ్చేవాళ్లను వదులుకోవాల్సిందే. వాళ్లు నిజానికి ఎప్పుడూ మన పాఠకులు కారు, సమయం చూసుకుని వెళ్లేవాళ్లు. "ఎర్రబడిన చంద్రుడిని ఫోనుతో తీస్తే తెల్లని మచ్చలా వస్తోంది, ఏమి చేయాలి" అన్నది అలాంటి ప్రశ్న కాదు. దానికి మీరు అదే రాత్రి తీసిన ఫొటోలు కావాలి. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగు రానిచ్చే మోతాదు) ఎంత పెడితే ఎలా వచ్చింది, గ్రహణం ముదిరేకొద్దీ ఎందుకు మార్చవలసి వచ్చింది, ఫోనును దేనికి ఆనించారు, ఇవన్నీ వరసగా చూపాలి. సారాంశం చదివినవాడికి కూడా ఆ ఫొటోలు చూడాలనిపిస్తుంది. చదువరి_మాత్రమే గారు అన్న "తన చేత్తో చేసి చూసి రాయడం" ఇదే. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను: ఎవరైనా ఎక్కడి నుంచైనా తిరగరాయగలిగిన టపాకు ఇక రోజులు లేవు, మీరు చూసినది మీరు రాసిన టపాకు ఉన్నాయి.

ప్రశ్నార్థకం
మీ చివరి వాక్యం కొంత ధైర్యం ఇచ్చింది. కానీ అలాంటి టపాను కూడా ఎవరో ఒకరు వెతికి పట్టుకోవాలి కదా. పట్టుకునే దారే సన్నబడుతోందన్నది నా మాట. దాన్ని వెనక్కి తీసుకోను.

పాతచిరునామా
అందుకే ఏ ఒక్క దారి మీదా ఆధారపడకూడదు. పాఠకుడు సెర్చ్ నుంచి వచ్చినా, ఫేస్‌బుక్ నుంచి వచ్చినా, రెండోసారి మన దగ్గరికి నేరుగా రాగలగాలి. దానికి నాకు తెలిసిన సాధనాలు: సొంత డొమైన్ పేరు (మన పేరున తీసుకున్న వెబ్ చిరునామా), ఫీడు, ఈమెయిలు జాబితా.

డొమైన్ గురించి చెబుతాను, దీని విలువ ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి. మన బ్లాగు వేరేవాళ్ల చిరునామా మీద ఉంటే, వాళ్లు కొట్టు కట్టేసిన రోజున ఏళ్ల తరబడి వచ్చిన లంకెలన్నీ వృథా. సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్ 2009లో మూతపడింది. పోస్టరస్ అనే బ్లాగు వేదిక 2013లో పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. వాటిలో రాసినవాళ్లలో ఎంతోమంది శ్రద్ధగా రాసినవాళ్లే. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే చెప్పారు, పేజీల చిరునామాలు మార్చవద్దని. సొంత డొమైన్ ఉంటే వేదిక మారినా చిరునామా మారదు.

నేను ఒక వేదిక నుంచి మరో వేదికకు మారినప్పుడు ప్రతి పాత చిరునామానూ కొత్తదానికి 301 మళ్లింపుతో (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటుతో) కలిపాను. విసుగు పుట్టించే పని అది. కొన్ని వారాలు గీత ఊగిసలాడింది, తర్వాత కుదుటపడింది. పుష్కర కాలం కిందట ఎవరో ఇచ్చిన లంకెలు ఇప్పటికీ సరైన టపాకే చేరుస్తాయి.

లిపికారుడు
చిరునామా మాట వచ్చింది కాబట్టి మన లిపిలో రాసేవాళ్లకు ఒక సూచన. బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే టపా చిరునామా "బ్లాగ్-పోస్ట్" అన్న ఇంగ్లిషు మాటలతో, పక్కన ఏదో అంకెతో తయారవుతుంది. ప్రచురించకముందే పెర్మాలింక్ (టపా శాశ్వత చిరునామా) గడిలో మీరే చిన్న పేరు ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ తెలుగు చిరునామా ఒప్పుకుంటుంది, కానీ కాపీ చేసి పంపితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెలతో బారెడు పొడవున సాగుతుంది. చూసినవాళ్లు ఏదో మోసపు లంకె అనుకుని నొక్కరు.

తేనెటీగ
మా పెద్దనాన్న సరిగ్గా అలాగే అనుకున్నారు! నేను పంపిన లంకె చూసి "నీ ఫోను ఎవరో ఎత్తుకెళ్లినట్టున్నారు" అని నాకే ఫోను చేసి చెప్పారు.

నక్షత్రవీధి
అందరూ చెప్పినది శ్రద్ధగా చదివి, గణాంకం గారు చెప్పిన పద్ధతిలో లెక్క చూశాను. గ్రహణం రాత్రి వచ్చినవాళ్లలో అత్యధికులు "నేరుగా" గడిలోనే ఉన్నారు. గ్రహణం వారాన్ని తీసేసి కిందటి ఏడాదితో పోల్చితే మిగతా నెలలు మెల్లగా పెరుగుతున్నాయి. నాకు తెలియనే తెలియదు. ఆ పెరుగుదల అంతా రెండు టపాల నుంచి వస్తోంది. ఒకటి ఫైండరుది, రెండోది పెర్సీడ్ ఉల్కాపాతం మీద రాసినది. రెండోదానికి ఆగస్టులో మాత్రమే వస్తారు.

ఇక్కడ ఒక సందేహం. పెర్సీడ్లు ప్రతి ఏడాదీ ఆగస్టు 12, 13 ప్రాంతంలో ఉచ్చస్థితికి వస్తాయి. జెమినిడ్లు డిసెంబర్ 13, 14లో. నేను ప్రతి ఏడాదీ కొత్త టపా రాస్తున్నాను. అలాగే కొనసాగించాలా?

గణాంకం
వద్దు. అలా చేస్తే ఒకే ప్రశ్నకు మీ సైటులోనే అనేక పేజీలు పోటీ పడతాయి. కిందటి ఏడాది టపాకు వచ్చిన లంకెలు ఈ ఏడాది టపాకు ఉపయోగపడవు. పెర్సీడ్లకు ఒకే పేజీ పెట్టండి. చిరునామాలో సంవత్సరం ఉండకూడదు. బ్లాగర్‌లో టపా చిరునామాలో సంవత్సరం, నెల తప్పనిసరిగా వస్తాయి కాబట్టి అక్కడ టపాకు బదులు "పేజీ" వాడండి, దానికి తేదీ రాదు. వర్డ్‌ప్రెస్‌లో అయితే అమరికల్లో టపా పేరు మాత్రమే ఉండేలా మార్చుకోవచ్చు, కానీ పాత టపాలకు మళ్లింపు పెట్టడం మరవకండి.

ఏటా జూన్, జూలైల్లోనే ఆ పేజీని సవరించండి. చంద్రుడి వెలుగు ఆ ఏడాది అడ్డం వస్తుందా లేదా అన్నది మారుతుంది కదా, అది రాయండి. ఆగస్టు 11న రాస్తే సెర్చ్‌కు అది చేరేసరికి జనం చూసి పడుకుని ఉంటారు.

లంకెలబాట
గ్రహణాలకూ అదే. మళ్లీ ఎప్పుడో ఒక సంపూర్ణ చంద్రగ్రహణం వస్తుంది కదా. ఈసారి ఆ రాత్రి వచ్చినవాళ్లను ఎక్కడికి పంపాలో ముందే సిద్ధం చేసుకోండి. గ్రహణం పూర్తిగా ముదరడానికి గంటకు పైగా పడుతుంది. ఆ సమయంలో చేతిలో ఫోనుతో బయట నిలబడి ఉంటారు. చీకటి పడిన ఆకాశంలో పక్కనే కనబడే నక్షత్రరాశి ఏదో, గ్రహాలేవైనా ఉన్నాయో చెప్పే చిన్న టపాకు లంకె ఇస్తే కొందరైనా చదువుతారు. ఆ కొందరే మిగులుతారు.

వేగుచుక్క
ఇది నాకు నచ్చింది. నా మొదటి మాటను కొంచెం సవరించుకుంటాను: రోజూ కొత్త టపా రాయనక్కరలేదు, కానీ రోజూ బ్లాగు మీద ఏదో ఒక పని చేయాలి. ఒక రోజు కొత్తది, ఒక రోజు పాతదాని సవరణ, ఒక రోజు వ్యాఖ్యలకు బదులు. నిదానం గారు దీనికీ అభ్యంతరం చెబుతారా?

నిదానం
చెప్పను. పాతవాటి సవరణ అన్న మాట కలిపారు కాబట్టి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పాత టపాలను పట్టించుకోని బ్లాగర్లే ఎక్కువ. ఏళ్లు నిండిన బ్లాగుకు ఆస్తి అవే.

పాతచిరునామా
ఈమెయిలు జాబితా గురించి చెప్పడం మరిచాను. చదువరి_మాత్రమే గారికి కోపం రాకుండా, పెట్టె టపా చివర పెట్టండి. పూర్తిగా చదివినవాడే అక్కడికి చేరతాడు. చేరేవాళ్లకు ఏమి వస్తుందో స్పష్టంగా రాయండి. "ఈ నెల ఆకాశంలో చూడదగినవి, నెలకు ఒక ఉత్తరం" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. మానుకునే లంకె ప్రతి ఉత్తరంలోనూ తేలికగా కనబడాలి. జాబితా మెల్లగా పెరుగుతుంది. కానీ గూగుల్ ఏ మార్పు తెచ్చినా, ఏ యాప్ మూతపడినా ఆ చిరునామాలు మీ దగ్గరే ఉంటాయి.

చదువరి_మాత్రమే
టపా చివర అయితే నాకు అభ్యంతరం లేదు. అలాంటి ఉత్తరాలు కొన్నిటి కోసం ఎదురుచూస్తాను కూడా. ఇంకొక మనవి: ఫొటోలు. ఆకాశం ఫొటోల బ్లాగులు నా ఫోనులో తెరుచుకోవడానికి చాలా సమయం తీసుకుంటాయి. సగంలో వదిలేసి వచ్చినవి ఎన్నో ఉన్నాయి.

గణాంకం
చదువరి_మాత్రమే గారు చెప్పినది సెర్చ్‌కు కూడా ముఖ్యమే. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. 2021 నుంచి దాన్ని ర్యాంకుల్లో కూడా లెక్కలోకి తీసుకుంటోంది. అదొక్కటే పేజీని పైకి తేల్చదు, కానీ కెమెరాలోంచి తీసిన ఫొటోను యథాతథంగా ఎక్కించవద్దు. తెర వెడల్పుకు తగ్గించి, కుదించి పెట్టండి. పూర్తి పరిమాణం కావలసినవాళ్లకు విడిగా లంకె ఇవ్వండి.

ప్రశ్నార్థకం
నేనూ నా సైటులో ప్రశ్నలను విడదీసి చూశాను. గణాంకం గారు చెప్పినట్టే ఒక్క వాక్యంతో తేలిపోయే ప్రశ్నలకే తగ్గాయి. నా దగ్గర అలాంటి టపాలు చాలా ఉన్నాయి, అదే నా అసలు సమస్య. వాటిని తీసేయాలా?

నిదానం
తొందరపడి తీసేయకండి. ఒకే విషయం మీద ఉన్న చిన్నవాటిని ఒక పెద్ద టపాలో కలపండి, మీ అనుభవం చేర్చండి, పాత చిరునామాలను దానికి మళ్లించండి. ఎవరూ రాని, ఎవరూ లంకె ఇవ్వని, మీకే ఇష్టం లేని టపా ఉంటే దాన్ని తీసేయవచ్చు. మీకు ఇష్టమైనది ఎవరూ చదవకపోయినా ఉంచండి. బ్లాగు మీది.

నక్షత్రవీధి
ఆఖరుగా ఒక్కటి అడుగుతాను. ఫైండరు టపా శీర్షికను "టెలిస్కోపులో ఏమీ కనబడడం లేదా? మొదట ఇవి చూసుకోండి" అని మార్చాను. చిరునామా కదపలేదు. తక్కువ మాగ్నిఫికేషన్ ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) మొదలుపెట్టడం, పగటిపూట సూర్యుడికి దూరంగా ఉన్న ఏదైనా స్తంభాన్ని గురిచూసి ఫైండరును సరిచేసుకోవడం, ఇవి పైకి తెచ్చాను. ఇప్పుడు తేదీ మార్చాలా, పాత తేదీ ఉంచాలా?

గణాంకం
రెండూ చూపండి: మొదట రాసిన తేదీ, సవరించిన తేదీ. నిజంగా విషయం మారింది కాబట్టి సవరణ తేదీ వేయడంలో తప్పు లేదు. ఏమీ మార్చకుండా తేదీ మాత్రం కొత్తది చేయవద్దని గూగుల్ తన సూచనల్లోనే చెబుతుంది, పాఠకులు కూడా కనిపెట్టేస్తారు.

సూదీదారం
నక్షత్రవీధి గారూ, మీ టపా ఇప్పుడే చదివాను. మా ఇంట్లో ఒక టెలిస్కోపు ఏడాదిగా మూల పడి ఉంది, సరిగ్గా ఆ కారణంతోనే. ఐపీస్ దాకా అర్థమైంది. ఫైండరుకు మూడు మరలు ఉంటాయని రాశారు, మాదానికి రెండు మరలు, ఒక స్ప్రింగు పిన్ను ఉన్నాయి. ఆ పిన్నును కదపాలా, వదిలేయాలా? ఒక ఫొటో కూడా పెడితే మేలు.